చింతచెట్టు కింద కలిసిపోయిన కర్ర: సన్నకారు రైతుల నీలగిరి గ్రూపులో ఒక కేసు

ఈ కేసు రాయడానికి కారణం ఒక కాగితం. 2 ఎకరాల 30 సెంట్ల నీలగిరి తోట నుంచి 112 టన్నుల కర్ర దిగినట్టు ఆ కాగితం మీద ఉంది. కింద సంతకం నాది.

ఆ ఎర్రనేలలో, వర్షాధారం మీద, నాలుగేళ్ల తోట ఎకరానికి 20 నుంచి 25 టన్నులు ఇస్తే రైతు సంతోషపడతాడు. ఎంత బాగా కాసుకున్నా ఆ చెక్క (మా వైపు భూమి ముక్కని ఇలా అంటారు) నుంచి 60 టన్నులు దాటకూడదు. మిగతా 50 టన్నులు ఎక్కడివి? చిన్న రైతుల తోటలకి సర్టిఫికెట్ తెచ్చే మా పనిలో ఉన్నవాళ్లకి ఉపయోగపడుతుందని, ఆ ప్రశ్నకి జవాబు వెతికిన ఏడాదంతా ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, మిల్లు పేరు రాయడం లేదు. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ప్రాంతం మాత్రం విజయనగరం తీర మండలాల నుంచి శ్రీకాకుళం జిల్లా రణస్థలం, లావేరు వైపు సాగే మెట్ట పట్టీ.

నేపథ్యం

ఈ పట్టీలో చాలా ఇళ్లలో కష్టపడే వయసువాళ్లు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో ఉంటారు. వేరుశనగ, గోగు వేసే చేతులు తగ్గిపోయాయి. ఒకసారి నాటితే నాలుగేళ్ల దాకా పెద్దగా చూసుకోనక్కర్లేని నీలగిరి, సరుగుడు ఆ ఖాళీలోకి వచ్చాయి. నీలగిరికి ఇంకో సుఖం ఉంది. కొట్టాక మోడు నుంచి పిలకలు లేస్తాయి కాబట్టి రెండో కోతకి మొక్కల ఖర్చు ఉండదు.

కొనేవాళ్లకీ లోటు లేదు. పరిశ్రమలు తమకి కావలసిన కలపని సహజ అడవి నుంచి కాకుండా రైతుల నుంచి సమకూర్చుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవిలో చెట్టు కొట్టడం మీద కట్టడి ఇంకా బిగిసింది. దాంతో కాగితం మిల్లు బతకాలంటే రైతు తోట కావాలి. మా దగ్గర కొట్టిన కర్ర లారీల్లో రాజమహేంద్రవరం వైపో, రాయగడ వైపో వెళ్లిపోతుంది.

ఆ కాగితం కొనేవాళ్లలో కొందరు విదేశాల్లో ఉన్నారు. వాళ్లు ఇప్పుడు కర్ర పుట్టిల్లు అడుగుతున్నారు. అక్రమంగా పట్టిన జంతువుల వ్యాపారాన్ని ఆపే తన లేసీ చట్టాన్ని అమెరికా 2008లో కలపకీ వర్తింపజేసింది. ఐరోపా సమాఖ్య అక్రమ కలప మీద 2013 నుంచి ఒక నియంత్రణ అమలు చేసింది. 2023లో దానికంటే గట్టిది ఇంకోటి తెచ్చింది. ఈ కొత్త చట్టం అమలు వాయిదా పడుతూ వచ్చినా, అందులో అడిగేది మాత్రం స్పష్టం: చెట్టు పెరిగిన నేల ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపించాలి, 2020 డిసెంబరు 31 తర్వాత అక్కడ అడవిని తీసేసి ఉండకూడదు. 4 హెక్టార్లు దాటిన కమతానికి హద్దంతా గీసి ఇవ్వాలి. అంతకంటే చిన్నదైతే ఒక్క బిందువు చాలు. మా రైతుల్లో పదెకరాలున్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి మాకు ఒక్కో చెక్కకి ఒక్కో బిందువు సరిపోతుంది. ఈ బిందువు సంగతి తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కర్ర పద్ధతిగా చూసుకున్న అడవి నుంచో తోట నుంచో వచ్చిందని చెప్పేవి అడవి సర్టిఫికెట్లు. వాటిలో ఎక్కువ మందికి తెలిసింది 1993లో మొదలైన ఎఫ్ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్). ఒక్క రైతు విడిగా ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే ఆడిట్ ఖర్చుకే తోట అమ్ముకోవాలి. అందుకని గ్రూపు పద్ధతి ఉంది. చాలామంది చిన్న రైతులు కలిసి ఒకే సర్టిఫికెట్ కింద ఉంటారు. ఒకరు గ్రూపు నిర్వాహకులుగా ఉండి లోపలి తనిఖీలు చేస్తారు. బయటి ఆడిటర్ ఏటా కొన్ని చెక్కలని ఎంచుకుని చూస్తారు. సర్టిఫికెట్ ఐదేళ్లుంటుంది. మా గ్రూపులో 41 మంది రైతులు, 96 ఎకరాలు. నిర్వాహకుడిని నేను. సర్టిఫికెట్ ఉన్న కర్రకి మిల్లు టన్ను మీద కొంత అదనం ఇస్తానంది.

సమస్య బయటపడ్డ తీరు

రెండో ఏడాది ఆడిట్‌కి వచ్చిన మేడమ్ తోటలు చూసి బాగానే ఉన్నాయన్నారు. గెడ్డ (వాగు) ఒడ్డున మేం నాటకుండా వదిలిన కానుగ, ఈత చెట్ల పట్టీని నడిచి చూశారు. కొట్టే కూలీలతో మాట్లాడారు. సాయంత్రం రిజిస్టర్ తిరగేస్తూ ఒక వరుస దగ్గర వేలు పెట్టి, "ఈ చెక్క విస్తీర్ణం ఎంతండీ?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ ఫోన్లో లెక్క వేసి తెర నా వైపు తిప్పారు. ఇంకేమీ అనలేదు.

14 టన్నుల లారీలు ఎనిమిది. అన్నింటికీ కాటా చీటీలున్నాయి, రైతు సంతకముంది, నా సంతకముంది. కాగితాల్లో ఒక్క లోపం లేదు, కర్ర మాత్రం ఆ తోటది కాదు. సర్టిఫికెట్ లేని కర్ర సర్టిఫికెట్ పేరుతో మిల్లుకి వెళ్లిందంటే అది చిన్న పొరపాటు కిందకి రాదు. పెద్ద లోపంగా రాశారు. సరిదిద్దుకోవడానికి మూడు నెలలు.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఆ ఒక్క చెక్క లెక్క సరిచేసి, ఆ లోడ్లు సర్టిఫికెట్ ఉన్న కర్రేనని మేం మిల్లుకి చెప్పిన మాట (మా పనిలో దీన్ని దావా అంటాం) వెనక్కి తీసుకుని లోపాన్ని మూయించుకోవచ్చు. లేదంటే రెండేళ్ల లారీలన్నీ మళ్లీ లెక్క వేయవచ్చు. రెండోదే ఎంచుకున్నాను. ఒక చోట కలిసిందంటే కలిసే దారి ఒకటి ఉందన్నమాట. అది తెలియకుండా పైపైన మూస్తే వచ్చే ఏడాది ఇంకో చెక్కలో తేలుతుంది. అప్పుడు 41 మందీ సర్టిఫికెట్ పోగొట్టుకుంటారు. వెతికితే ఇంకో మూడు చెక్కల్లో బరువు ఎక్కువ కనిపించింది. మిల్లుకి ఉత్తరం రాసి ఆ లోడ్లన్నింటి మీదా సర్టిఫికెట్ దావా తీసేయించాం. ఆ ఏడాది అదనపు ధర ఎవరికీ రాలేదు. మీటింగులో ఆ మాట చెప్పినప్పుడు ఒక పెద్దాయన, "మా తప్పేటి బాబూ ఇందులో?" అన్నారు. నిజంగానే ఆయన తప్పేమీ లేదు.

చేసినవి, పనిచేయనివి

మొదటి ఆలోచన ఎవరికైనా వచ్చేదే: ఇంకా కాగితాలు పెంచడం. లారీ కదిలే ముందు రైతు, వ్యాపారి, మా ఫీల్డ్ కుర్రాడు ముగ్గురూ సంతకం పెట్టే ఫారం ఒకటి తయారుచేశాం. నెల కూడా నడవలేదు. ఎందుకో అర్థం కావాలంటే మా దగ్గర కర్ర ఎలా అమ్ముడవుతుందో తెలియాలి.

రైతు తోటని నిలబడి ఉండగానే గుత్తకి అమ్మేస్తాడు. వ్యాపారి తోటలో ఓ చుట్టు తిరిగి, కంటితో అంచనా వేసి, మొత్తం మీద ఒక మాట చెబుతాడు. బేరం కుదిరి బయానా చేతిలో పడ్డాక ఆ తోట రైతు మనసులో లేదు. ఎన్ని టన్నులు దిగాయో అతనికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. "గుత్తకిచ్చేశాక నాకేటి పని?" అని సంతకం మాత్రం పెట్టేవాళ్లు, ఖాళీ ఫారం మీద కూడా. ఇక వ్యాపారికి ప్రతి గంటా డబ్బే. పచ్చి కర్రలో సగానికి దగ్గరగా నీరుంటుంది. కొట్టి తొక్క తీసిన రోజు నుంచి ఎండుతూ బరువు తగ్గుతుంది. మిల్లు తూకం మీద డబ్బిస్తుంది. మా కుర్రాడి కోసం లారీ ఒక పూట ఆగితే ఆ పూట నష్టం ఆయనది. ఆయన కోపం న్యాయమైనదే. తూకం పడిపోతుందన్న సంగతి తెలిసీ ఆ ఫారం పెట్టిన నాది తొందరపాటు.

పైగా ఇంకో చిక్కు. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటి కర్రకి మన రాష్ట్రంలో అటవీ శాఖ రవాణా పర్మిట్ అక్కర్లేదు. రైతుకి అది పెద్ద మేలు. టేకు అమ్ముకునేవాడి తిప్పలు చూసినవాళ్లెవరూ ఆ సడలింపు పోవాలని కోరుకోరు. కానీ పర్మిట్ లేదంటే తోట నుంచి రోడ్డు దాకా ఆ కర్ర వెంట ఒక్క చీటీ కూడా ఉండదు. మొదటి కాగితం కాటా దగ్గరే పుడుతుంది. కాటాకి బరువే తెలుసు, తోట తెలియదు.

తర్వాత ఫోన్ యాప్ తెచ్చాం. లోడు ఎక్కేటప్పుడు ఫొటో తీస్తే జీపీఎస్ బిందువు, తేదీ దానంతట అవే పడతాయి. విదేశీ చట్టం అడిగే బిందువు కూడా వచ్చేస్తుందని నేను చాలా ఆశపడ్డాను. మూడు వారాల తర్వాత మ్యాప్ తెరిచి చూస్తే, పదకొండు తోటల లోడ్లు ఒకే చుక్క మీద పేర్చినట్టు కనిపించాయి. ముందు యాప్‌లో తప్పనుకున్నాను. మర్నాడు బండేసుకుని ఆ చుక్క దగ్గరికే వెళ్లాను.

అక్కడ తారు రోడ్డు పక్కన పెద్ద చింతచెట్టు ఉంది. లారీ అక్కడిదాకానే వస్తుంది. లోపలికి వెళ్లే బాట గట్ల మధ్య ట్రాక్టర్ పట్టేంత వెడల్పే. అందుకని తోటల్లో కొట్టి, తొక్క తీసి, ముక్కలు చేసిన కర్ర ట్రాక్టర్ల మీద వచ్చి ఆ చెట్టు కింద గుట్ట పడుతుంది. నేను చూస్తుండగానే పడమటి నుంచి ఒక ట్రాక్టర్, కొండ వైపు నుంచి ఒకటి వచ్చి ఒకే గుట్ట మీద పోసి వెళ్లాయి. తొక్క తీసిన నీలగిరి కర్ర తెల్లగా, నున్నగా, ఏ తోటదైనా ఒకేలా ఉంటుంది. పోసిన ఐదు నిమిషాలకి అక్కడున్న ఎవరూ ఏది ఎవరిదో చెప్పలేరు. నేనూ చెప్పలేకపోయాను.

రెండేళ్లు నేను డిపో దగ్గర, కాటా దగ్గర కాపలా పెట్టాను. కలిసేది అంతకు ముందే, ఈ చెట్టు నీడలో. చట్టం అడిగింది చెట్టు పెరిగిన చోటు. మా యాప్ పంపింది లారీ ఆగిన చోటు.

వ్యాపారిని అడిగితే దాచలేదు. గ్రూపులో లేని ఇరుగుపొరుగు రైతులు "మాదీ అందులో వేసెయ్యండి" అంటే వేశాడు. లారీ నిండితే చాలు, సగం లారీ పంపితే కిరాయి దండగ. అందులో దొంగతనం ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. కర్ర కర్రే కదా అన్నాడు.

చివర్లకి రంగు పూసే ప్రయత్నం కూడా చేశాం. మా గ్రూపు కర్రకి నీలం. రంగు డబ్బా ట్రాక్టర్ మీద ఉండేది, ఎవరి కర్రకి కావాలంటే వాళ్లకి పూసుకున్నారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

దారి చూపించిన పుస్తకం

గడువులో ఐదు వారాలే మిగిలాయి. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఒక మధ్యాహ్నం ఆ చెట్టు కిందే తొక్క తీసే ఆడవాళ్లు అన్నాలు తింటుంటే పక్కన కూర్చున్నాను. వాళ్ల మేస్త్రీ యాభై ఏళ్ల మనిషి. తిన్నాక కొంగుకి చేతులు తుడుచుకుని, సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంటోంది. ఏం రాస్తున్నావమ్మా అని అడిగాను.

"ఏ తోటలో ఎన్ని టక్కులు లేసాయో రాస్తాను బాబూ. నేపోతే కూలి ఎలగొస్తాది?"

పుస్తకం చూపించమని అడిగాను. ప్రతి పేజీ పైన తోట గుర్తు: "అప్పన్న గట్టు కాడది", "గెడ్డ అవతలది", "మాస్టారిది". దాని కింద రోజుకో గీత, ట్రాక్టర్ ట్రిప్పులు, ఆరోజు వచ్చినవాళ్ల పేర్లు. తొక్క తీసే కూలి తోట లెక్కన, ట్రిప్పు లెక్కన కడతారు. ఒక ట్రిప్పు తక్కువ రాస్తే పన్నెండు మంది ఆడవాళ్లు ఊరుకోరు. ఎక్కువ రాస్తే వ్యాపారి ఊరుకోడు. ఇద్దరూ తగువు పడి తేల్చుకున్న లెక్క అది. 112 టన్నుల ఆ తోట పేజీలో ట్రిప్పులు కూడితే 54 టన్నులకి దగ్గరగా వచ్చింది. మిగతావి ఎక్కడివో వేరే పేజీల్లో, తోట పేరుతో సహా ఉన్నాయి.

నా ఫారంలో ఎవరి అన్నమూ లేదు. ఈ పుస్తకంలో పన్నెండు ఇళ్ల కూలి ఉంది. అందుకే ఇది నిజం చెప్పింది, నాది చెప్పలేదు. ఆరోజే మా ఫారాలన్నీ పక్కన పెట్టి, పద్ధతంతా ఈ పుస్తకం మీదే కట్టాలని నిర్ణయించుకున్నాను.

కట్టిన తీరు ఇది. మేస్త్రీకి కార్బన్ కాగితంతో రెండు ప్రతుల పుస్తకం అచ్చు వేయించాం. వరుసలు ఆవిడ రాసుకునేవే, ఒక్కటీ మార్చలేదు. పేజీ తలమీద మాత్రం సర్వే నంబరు, చెక్క బిందువు మేం ముందే రాసి ఇస్తాం. ఆ బిందువు మా కుర్రాడు తోట నడుమ నిలబడి తీసుకున్నది. ట్రాక్టర్ తోట దాటేటప్పుడు డ్రైవర్‌కి ఒక చీటీ చిరుగుతుంది. చెట్టు కింద ఆ చీటీ ఉన్న కర్ర ఒక పక్క, లేనిది ఇంకో పక్క. పుస్తకం రాసినందుకు ఆవిడకి టన్నుకి కొంత గ్రూపు డబ్బులోంచి ఇస్తున్నాం. ఇవ్వకపోతే అది మన పని ఆవిడ మీద రుద్దడమే అవుతుంది.

కోతకి ముందు ప్రతి తోటలో పది చోట్ల చెట్లు లెక్కపెట్టి, రొమ్ము ఎత్తులో టేపుతో చుట్టుకొలత తీసి, ఎన్ని టన్నులు దిగొచ్చో ఒక పై హద్దు రాస్తాం. పుస్తకం లెక్కన వచ్చే బరువు ఆ హద్దు దాటితే ఆ తోట లోడ్లకి సర్టిఫికెట్ దావా ఆగిపోతుంది, నేను వెళ్లి చూసేదాకా. లారీ మాత్రం ఆగదు. మొదటి ఫారం నేర్పిన పాఠం అది. కర్రని ఆపితే వ్యాపారికి నష్టం, కాగితాన్ని ఆపితే ఎవరికీ నష్టం లేదు.

గుత్త పద్ధతి మీద వాదన ఎక్కువ కాలం పట్టింది. తూకం మీద అమ్మితే రైతు కూడా చీటీలు లెక్కపెట్టుకుంటాడు, అదనపు ధర అతని చేతికే వస్తుంది. గుత్తకి అమ్మితే అది వ్యాపారి దగ్గరే ఆగిపోతుంది. కానీ గుత్తలో రైతుకి ఒక ధైర్యం ఉంది: డబ్బు ముందే వస్తుంది, గాలివాన వస్తే నష్టం వ్యాపారిది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస, ఉద్దానం వైపు తోటలు ఒక్క రాత్రిలో పడిపోవడం చూసినవాళ్లకి ఆ ధైర్యం చిన్నదేం కాదు. అందుకే బలవంతం చేయలేదు. ఇప్పుడు సగం మందికి కాస్త పైగా తూకానికి మారారు. మిగిలినవాళ్లని మార్చాలని నేను తొందరపడటం లేదు.

మూడు నెలల గడువులోపే లోపం మూశారు. ఆడిట్ మేడమ్ నా ఫైళ్లు పక్కన పెట్టి, ముందు మేస్త్రీ పుస్తకం అడిగి చదివారు.

కొండ పక్క చెక్క

ఇక కలిసిన కర్ర ఎవరిదన్న సంగతి. మేస్త్రీ పేజీల ప్రకారం గ్రూపులో లేని తోటలు ఆరు. వాళ్లని దూరం పెట్టడం కంటే లోపలికి తేవడమే మేలనుకున్నాను. బయట ఉన్నంత కాలం వాళ్ల కర్ర ఆ చెట్టు కిందకే వస్తుంది. ఐదు చెక్కలు జిరాయితీ (సొంత పట్టా భూమి), పాసు పుస్తకాలున్నాయి, పూర్వం గోగు, వేరుశనగ పండిన నేల. తనిఖీ చేసి చేర్చుకున్నాం.

ఆరోది కొండ పక్క ఎకరంన్నర. పాత ఉపగ్రహ చిత్రాలు తీస్తే 2019లో అక్కడ తుప్ప దట్టంగా ఉంది. 2022లో వరుసగా నాటిన మొక్కల గీతలున్నాయి. మిగిలిన అంచులో ఇప్పటికీ పాలకొడిశ, తుమికి, బలుసు నిలబడి ఉన్నాయి. అది అడవి కిందకి వస్తుందా, వట్టి తుప్పేనా అని మా వాళ్లలో వాదన నడిచింది. నేను అంతదాకా వెళ్లలేదు. రికార్డులో అది కొండ పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. సాగు చేసుకుంటున్న ఆయన చేతిలో ఏ హక్కు కాగితమూ లేదు. ఎఫ్ఎస్‌సీ నియమాల్లో మొదట అడిగేవి చట్టం, నేల మీద హక్కు. అక్కడే ఆగిపోయింది. తేదీ చూసినా, తుప్ప కొట్టింది 2020 డిసెంబరు లోపే అని చూపించలేం. చేర్చుకోలేం.

ఆయనకి అరవై దాటాయి. వేరే భూమి లేదు. కొడుకు చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్తాడు. చేర్చుకోవడం కుదరదని చెప్పడానికి నేనే వెళ్లాను. ఎందుకు కుదరదో రికార్డు చూపించి చెప్పాను. ఆయన వాదించలేదు. తుప్ప కొట్టింది తనేనని, ఆ రెండేళ్లూ కరోనాలో పని లేక కొట్టానని చెప్పాడు. మిగిలిన అంచుని కొట్టకుండా ఉంచితే చాలని అడిగాను, సరేనన్నాడు. ఆ నేల సంగతి ఏదైనా దారి ఉందేమోనని రెవెన్యూ వాళ్ల చుట్టూ ఆయనతో కలిసి రెండుసార్లు తిరిగాను. ఇంకా ఏమీ తేలలేదు. మా గ్రూపుకి మేలైన నిర్ణయమే తీసుకున్నానని తెలుసు. ఆ ఇంటికి అది మేలు కాలేదని కూడా తెలుసు.

మొన్న కోతల్లో ఆయన తోట కూడా కొట్టారు. మేస్త్రీ పుస్తకంలో దానికీ ఒక పేజీ ఉంది, తలమీద సర్వే నంబరు లేకుండా. ట్రాక్టర్ చింతచెట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన దాని పక్కనే నడుచుకుంటూ వచ్చి, "నాది ఎక్కడ ఎయ్యమంటావు బాబూ?" అని అడిగాడు. రోడ్డుకి అవతలి పక్క చూపించాను. ఆ గుట్ట అక్కడ రెండు రోజులుంది. మూడో రోజు వేరే లారీ వచ్చి తీసుకెళ్లింది.